రైల్లో ఆటవెలది: 45 రోజుల ప్రాజెక్టు డైరీ

మార్చి 3

పని ఇది: 45 రోజుల్లో 30 ఆటవెలది పద్యాలు రాయాలి. రాసే చోటు తెనాలి నుంచి విజయవాడ వెళ్లే బండి. పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట, అదీ సీటు దొరికితే. ఫోన్లో టైపు చేయకూడదు, చేతి పుస్తకంలో పెన్సిల్‌తోనే. ఇంటికొచ్చాక ఎక్సెల్ షీట్‌లో లెక్క ఎక్కించాలి: రాసినవి, కొట్టేసినవి, ఉంచినవి. నేను హోల్‌సేల్ షాపులో అకౌంట్లు రాసేవాణ్ణి. లెక్క లేకపోతే పని చేసినట్టే ఉండదు నాకు.

ఎందుకీ తిప్పలు అంటే, పన్నెండేళ్లుగా వచన కవితలు రాస్తున్నాను. కొన్ని అచ్చయ్యాయి కూడా. పోయిన నెల అన్నిటినీ ఒక ఫైల్లో చేర్చి వరసబెట్టి చదివాను. ఇరవయ్యో కవిత దగ్గరికి వచ్చేసరికి నాకే విసుగు పుట్టింది. నిశ్శబ్దం, ఏకాంతం, అస్తిత్వం, మళ్లీ నిశ్శబ్దం. ఒక కవితలో లైను తీసి ఇంకో కవితలో పెడితే ఎవరూ పట్టుకోలేరు. అసలు ఒకే లైను రెండు కవితల్లో ఉంది, రాసిన నేనే అప్పటిదాకా పట్టుకోలేదు.

వచన కవిత మీద కోపం లేదు. 1939లో పఠాభి ‘ఫిడేలు రాగాల డజన్’లో పద్యాల నడుములు విరగదంతానన్నాడు. 1958లో కుందుర్తి వచన కవిత కోసం ఫ్రీవర్స్ ఫ్రంట్ పెట్టాడు. కాకపోతే వాళ్లకు పద్యం నడుము ఎక్కడుందో తెలుసు. నాకు తెలియదు. తెలియకుండానే పన్నెండేళ్లుగా విరగ్గొడుతున్నాను.

మార్చి 4

లక్షణం బట్టీ పట్టాను. బడిలో ఒకసారి పట్టిందే, పరీక్ష రాసిన మర్నాడు మర్చిపోయింది.

ఇనగణ త్రయంబు నింద్రద్వయంబును
హంస పంచకంబు నాటవెలది

గణం అంటే కొన్ని అక్షరాల గుంపు. ఒకటో, మూడో పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండో, నాలుగో పాదాల్లో అయిదూ సూర్యగణాలే. నాలుగో గణం మొదటి అక్షరానికి పాదం మొదటి అక్షరంతో యతి కుదరాలి, అంటే రెండింటి ధ్వనీ కలవాలి. అన్ని పాదాల్లో రెండో అక్షరం కలవాలన్న ప్రాస నియమం లేదు. ఈ లక్షణం చెప్పే పాదాలు కూడా ఆటవెలదిలోనే ఉన్నాయని ఇవాళే గమనించాను. ఇరవై ఏళ్ల కింద మాస్టారు చెప్పే ఉంటారు, నేను కిటికీ బయటికి చూస్తూ ఉండి ఉంటాను.

పలకడానికి తక్కువ సేపు పట్టే అక్షరం లఘువు, దానికి రెట్టింపు పట్టేది గురువు. సూర్యగణాలు రెండే. మూడు లఘువులు (పసుపు, గడప), లేదా గురువు పక్కన లఘువు (అమ్మ, రైలు). ఇంద్రగణాలు కాస్త పొడుగు, ఆరు: నల, నగ, సల, భ, ర, త.

లెక్కల బుద్ధి ఊరుకోదు కదా. బేసి పాదానికి 2×2×2×6×6, అంటే 288 రకాల నడకలు. సరి పాదానికి 32. మొత్తం పద్యానికి 8,49,34,656 రకాలు. చూసి ధైర్యం వచ్చింది. ఎనిమిది కోట్ల దారులుంటే నాకు ముప్పై దొరకవా అనుకున్నాను.

మార్చి 5

దొరకలేదు.

‘కృష్ణ వంతెన మీద’ అని మొదలుపెట్టాను. కృష్ణ, బాగుంది. వంతె, బాగుంది. ‘నమీ’ దగ్గర ఆగిపోయాను. లఘువు తర్వాత గురువు. అలాంటి సూర్యగణం లేదు. పెదవడ్లపూడి నుంచి కృష్ణా కెనాల్ దాకా ‘మీద’ను ఎక్కడ కూర్చోబెట్టాలా అని చూశాను. బండి నిజం వంతెన మీదికి వచ్చేసింది, నా వంతెన మాత్రం కట్టడం కాలేదు.

మార్చి 8

మొదటి పూర్తి పద్యం. తేదీ వేసి రాసుకున్నాను.

రైలు బండి వచ్చె రద్దీగ నుండెను
కాలు పెట్ట చోటు కానరాదు
నిలుచు నుంటి నేను నిద్దుర తూగుచు
విజయవాడ వచ్చె వేగ దిగుము

గణాలన్నీ కుదిరాయి. రై-ర, కా-కా, ని-ని, వి-వే, యతులు నాలుగూ కుదిరాయి. గర్వంగా ఇంటికెళ్లి నాన్నకు చదివి వినిపించాను.

నాన్న గురించి చెప్పాలి. ఒకప్పుడు మా చుట్టుపక్కల ఊళ్లలో కృష్ణరాయబారం వేస్తే అర్జునుడు ఆయనే. రెండేళ్ల కింద గొంతుకు ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి గొంతు లేదు, గుసగుసే. ఎక్కువ మాట్లాడితే ఆయాసం. కుర్చీలో కూర్చుని ఫోన్లో పాత నాటకాల రికార్డింగులు వింటూ, పక్కనున్న మంచం పట్టె మీద వేళ్లతో తాళం వేస్తుంటాడు.

పద్యం విన్నాడు. వేళ్లు చక్కగా కదిలాయి, ఎక్కడా తప్పలేదు. అయిపోయాక అన్నాడు:

“బాగానే ఉంది రా. స్టేషన్లో మైకులో చెప్పేది కూడా ఇట్లాగే ఉంటది.”

షీట్‌లో: రాసినవి 1, ఉంచినవి 0.

మార్చి 11

రాయడం ఆపి చదవడం మొదలుపెట్టాను. ఆటవెలది అంటే ముందు వేమనే. బ్రౌన్ దొర పోగుచేసి 1829లో అచ్చు వేయించిన పద్యాలు. నా దగ్గరున్నది పాత పాకెట్ సైజు పుస్తకం, అట్ట ఊడిపోయింది. పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ చదువుతున్నాను.

ఉప్పు / కప్పు / రంబు / నొక్కపో / లికనుండు

చిన్నప్పట్నుంచి నోట్లో నానిన పద్యం. ఇవాళ గీతలు పెడితే ఇల్లు కట్టేటప్పుడు ఇటుకలు కనిపించినట్టు కనిపించింది. మొదట గురువు-లఘువు ముక్కలు మూడు, గబగబా. తర్వాత ‘నొక్కపోలికనుండు’ దగ్గర పాదం కాస్త సాగి నిలబడుతుంది. ఉప్పు, కర్పూరం ఒకేలా ఉన్నాయే అని చూస్తున్నవాడు నిలబడ్డట్టు.

రెండో పాదం దగ్గర చిక్కొచ్చింది. ‘చూడ చూడ రుచుల జాడ వేరు.’ చూ-కి జా-కి యతి. హల్లు సరే, చ-జ ఒక వర్గమే. అచ్చు? ఊ-కి ఆ-తో ఎక్కడ మైత్రి? నాలుగుసార్లు చూశాను. వేమన తప్పాడు! అంతటివాడే తప్పితే నాకేం అనిపించి, చిలువూరు దగ్గర ఒక్కణ్ణే నవ్వుకున్నాను. పక్కాయన కాస్త జరిగి కూర్చున్నాడు.

రాత్రి నాన్నకు చెప్పాను, వేమన యతి తప్పాడని. చదవమన్నాడు. చదివాను. ‘చూడ’ దగ్గర పట్టె మీద వేలు పడింది. ‘జాడ’ దగ్గర ఇంకాస్త గట్టిగా పడింది.

“చూడ... జాడ. వినపడట్లా?”

పుస్తకం తీశాను. ప్రాసయతి. మొదటి అక్షరం కుదరకపోయినా రెండో అక్షరం కలిస్తే చాలు, ఆటవెలదిలో అది చెల్లుతుంది. చూడ-జాడ, రెండింటికీ ‘డ’. నాన్నకు ప్రాసయతి అన్న మాటే తెలియదు. సూర్యగణం అంటే ఏందిరా అని మొన్ననే అడిగాడు.

షీట్‌లో ఇవాళ్టి గడిలో ఏం రాయాలో తెలియక ‘వేమనకు క్షమాపణ’ అని రాశాను.

మార్చి 12

నిన్నటి సంగతి వదల్లేదు. ‘బావా యెప్పుడు వచ్చితీవు’ పెట్టి, నాన్న చేతిని చూస్తూ కూర్చున్నాను. తిరుపతి వేంకట కవుల శార్దూల పద్యం. శార్దూలానికి యతి పదమూడో అక్షరం. బా- అన్నప్పుడు ఒక దెబ్బ, ‘సుఖులే’ దాటి భ్రా- అన్నప్పుడు ఇంకో దెబ్బ. లెక్కపెట్టాను, సరిగ్గా పదమూడు. నాటకం చూడ్డానికి చాపలేసుకుని వచ్చి ఒన్స్ మోర్ కొట్టిన జనంలో ఎంతమందికి ఛందస్సు వచ్చు? యతి దగ్గర తల మాత్రం అందరిదీ ఊగేది.

నేను ఇన్నేళ్లూ కవిత్వం కళ్లతో చదివాను. పెదవి కదపకుండా, లైను ఎక్కడ విరిగిందో చూసుకుంటూ, పేపరు చదివినట్టు. రేపట్నుంచి పైకి చదవాలి.

మార్చి 13

రైల్లో పైకి చదవడం ఎట్లా? ఒక పక్క పేకాట, ఒక పక్క పూలబుట్టలు. ఉపాయం దొరికింది. ఫోను చెవి దగ్గర పెట్టుకుని చదవడమే. ఎవరూ తలెత్తి కూడా చూడలేదు.

మార్చి 17

ఈ వారం తెలిసిన పెద్ద సంగతి ఇది, కాస్త వివరంగా రాసుకుంటాను.

నా పాత కవితల్లో ఎక్కువసార్లు వచ్చిన మాటలు తీసి గురులఘువులు పెట్టాను. నిశ్శబ్దం, మూడూ గురువులే. ఏకాంతం, అస్తిత్వం, అంతే. ఆటవెలది సరి పాదాల్లో పక్కపక్కన రెండు గురువులకే చోటు లేదు, మూడింటి మాట దేవుడెరుగు. బేసి పాదాల్లో చివరి రెండు గణాలు కలిసే మూల ఒక్కటే ఉంది, అది కూడా ముందు గురువుతో ముగిసే నగమో రగణమో పడి, తర్వాత రెండు గురువులతో మొదలయ్యే తగణం పడితేనే. అంటే నా నిశ్శబ్దం మొత్తానికి ఆ మూలన కూర్చోవాలి.

తర్వాత, నా కవితల మొదళ్లు. ‘ఎలా’, ‘మరో’, ‘ఇలా’, ‘సరే’. అన్నీ లఘువు మీద గురువు. అలాంటి మాటతో ఆటవెలదిలో ఏ పాదమూ మొదలు కాదు. ఇరవై ఎనిమిది కవితల్లో తొమ్మిది ఈ మాటలతోనే మొదలయ్యాయి.

మరి ఏ మాటలు కూర్చుంటాయి? పుస్తకంలో ఒక పేజీ నిండా రాశాను, రాస్తుంటే నవ్వొచ్చింది. అమ్మ, నాన్న, అక్క, అన్న, చెంబు, గిన్నె, కుండ, రోలు, చీర, నీరు, పప్పు, కూర, చెట్టు, వాన, చేను. అన్నీ గురువు-లఘువు. తలుపు, గడప, పసుపు, పలక, అరుగు, మడుగు, కొడుకు, కలుపు. అన్నీ మూడు లఘువులు. మా ఇంట్లో ఉన్న సామానంతా సూర్యగణాలే. నేను సంస్కృతం మాటలు తెచ్చి ఈ ఇంట్లో దించబోతే గుమ్మం దగ్గరే తట్టుకున్నాయి. ఇది సామాన్ల ఛందస్సు. ఇక్కడ పని కావాలంటే వంటింట్లోంచి మాటలు తెచ్చుకోవాలి.

(ఒక ప్రమాదం కూడా ఉంది. ‘నేను’ కూడా చక్కటి సూర్యగణమే. ఎక్కడ ఖాళీ పడితే అక్కడ ఠక్కున వచ్చి కూర్చుంటుంది.)

మార్చి 20

దుగ్గిరాల పసుపు మీద రాస్తున్నాను. ఈ నెలల్లో బండి దుగ్గిరాల చేరేముందే వాసన వస్తుంది. అక్కడి యార్డు పసుపుకు పెట్టింది పేరు. కళ్లాల్లో ఉడకబెట్టి ఆరబోసిన కొమ్ముల వాసన, వంటింట్లో పసుపు డబ్బా వాసన లాంటిది కాదు, పచ్చిగా, మట్టి కలిసి ఉంటుంది.

మొదటి రెండు పాదాలు తేలిగ్గానే వచ్చాయి:

దుగ్గిరాల రాగ దూరె కిటికిలోన
పసుపు వాసనంత పరుగు పెట్టి

మూడో పాదం: టికెట్ లేకుండా ఎక్కింది అనాలి. ‘టికెటు లేక యెక్క...’ ఇక్కడ యతి. టి-కి సరిపడేది ట, డ గుణింతాల్లోనే వెతకాలి. వచ్చిన మాటలన్నీ రాశాను: డెబ్బై, టేకు, టీ, టీవీ, డిబ్బీ. మధ్యాహ్నం లెడ్జర్ రాస్తుంటే తట్టింది. టీసీ! టికెట్ లేనివాడి పక్కన ఉండాల్సిన మనిషే కదా. యతి అడగకపోతే నేను అతన్ని ఆ పద్యంలోకి పిలిచేవాణ్ణి కాదు.

టికెటు లేక యెక్క టీసీలు చూడరు

నాలుగో పాదం మాత్రం నా పాత రోగం:

మనసు నిండిపోయె మధురముగను

గణాలు సరే, యతి సరే. పద్యం చచ్చిపోయింది. వాసన కిటికీలోంచి దూకింది, టీసీని తప్పించుకుంది, ఇంత అల్లరి చేసి చివరికి నా మనసులోకి వచ్చి చతికిలబడింది.

మార్చి 22

ఇవాళ ఉదయం పక్క సీటాయన అడిగాడు, “ఏమండీ, నాలుగు రోజుల్నుంచీ వింటున్నా. పసుపు బేరం ఇంకా తెగలేదా?”

తెగలేదండీ అన్నాను.

మార్చి 23

తెగింది. ఆదివారం కాబట్టి రైలు లేదు, కాబట్టి నిబంధన ప్రకారం ఇది లెక్కలోకి రాకూడదు. వచ్చింది మరి, ఏం చేయను.

అమ్మ పసుపు కొమ్ములు చాటలో పోసుకుని మట్టి దులుపుతోంది. అడగకుండానే, తనలో తాను అన్నట్టు, “ఏ ఊరి పసుపో, ఎవరి కాళ్లకు రాసుకునేదో ఎవరికి తెలుసు” అంది. చాట పక్కనే కూర్చుని రాసేశాను.

దుగ్గిరాల రాగ దూరె కిటికిలోన
పసుపు వాసనంత పరుగు పెట్టి
టికెటు లేక యెక్క టీసీలు చూడరు
ఎవరి కాలి పసుపొ యెవరి కెరుక

‘పసుపో’ను ‘పసుపొ’ చేయాల్సి వచ్చింది, గణం కోసం. ‘ఎరుక’ నేను రోజూ అనే మాట కాదు, కానీ పల్లెల్లో ఇంకా వినిపిస్తుంది. చివరి పాదంలో ‘కా’ ఒక్కటే గురువు, మిగతా పదమూడూ లఘువులే. చదువుతుంటే నాలుక మీద గుండ్రాళ్లు దొర్లినట్టుంది. అదంతా నేను ఆలోచించి చేసిందేం కాదు, అమ్మ మాట నడక అట్లా ఉంది.

అమ్మకు చదివాను. “నేనన్నదే కదా” అంది, పెద్దగా పట్టించుకోకుండా.

షీట్‌లో: రాసినవి 9, ఉంచినవి 1.

ఏప్రిల్ 2

పది రోజులు ఏమీ రాయలేదు. మార్చి నెలాఖరు. అకౌంట్లు ముగించే రోజుల్లో నాతో పద్యం గురించి ఎవరూ మాట్లాడకూడదు. బండిలో నిలబడే నిద్రపోయాను. మార్చి 8 పద్యం గుర్తొచ్చింది, కనీసం అందులో చెప్పింది నిజమే.

ఏప్రిల్ 4

వ్యర్థపదాల షీట్ ఒకటి వేరే తెరిచాను. గణం పూరించడానికి నేను పడేసిన మాటలు: ‘చూడ’ 6, ‘నిజము’ 4, ‘సుమ్ము’ 3, ‘గదర’ 3, ‘మనసు’ 7. ‘మనసు’ అసలు వ్యర్థపదాల జాబితాలో ఉండాల్సింది కాదు, నేను వాడిన తీరు చూసి అక్కడ పెట్టాను.

ఇంకో సంగతి. వేమనకు నాలుగో పాదం మకుటానికే పోతుంది. చెప్పాల్సింది మూడు పాదాల్లో అయిపోవాలి. అంటే యాభై అక్షరాలు కూడా ఉండవు. ఉప్పు ఒకటి, కర్పూరం ఒకటి, రుచి, మనుషులు, అయిపోయింది. నాకు నాలుగు పాదాలున్నా ఒకటి దండగ చేస్తున్నాను.

ఏప్రిల్ 6

సరి పాదాన్ని మాత్రల్లో లెక్కేశాను, లఘువుకు ఒకటి, గురువుకు రెండు. సూర్యగణం ఏదైనా మూడు మాత్రలే, అయిదు గణాలకు పదిహేను. పెరగదు, తరగదు. బేసి పాదం మాత్రం పదిహేడు నుంచి పంతొమ్మిది దాకా సాగుతుంది. అందుకే చదువుతుంటే ఒక పాదం ఊపిరి పీల్చి, ఇంకో పాదం వదిలినట్టుంటుంది.

గురజాడ 1910లో ముత్యాలసరం నడక పట్టినప్పుడు మూడూ నాలుగూ మాత్రలు కలిపి నడిపాడు. నాన్న దగ్గర చదివాను, వేళ్లు వెంటనే పట్టుకున్నాయి. పద్యాలు వదిలేసినవాడని అందరూ అనే శ్రీశ్రీని చదివాను, ‘మహాప్రస్థానం’ నుంచి. వేలు ఎక్కడా ఆగలేదు. ఊపు ఎక్కువై పట్టె మీద ఉన్న కళ్లజోడు కింద పడింది.

తర్వాత నా వచన కవిత ఒకటి చదివాను. వేళ్లు పట్టె మీద ఉన్నాయి, కదల్లేదు. చివరిదాకా శ్రద్ధగానే విన్నాడు.

“ఇది చెవికి కాదులే రా. కంటికి రాసుకున్నావు.”

తిట్టాడో, ఊరికే ఉన్నమాట అన్నాడో తెలియలేదు. అడగలేదు. రాత్రి ఆ కవితను మళ్లీ తీశాను. 26 లైన్లు. గట్టిగా చదివి, నోటికి అడ్డం పడ్డవి కొట్టేస్తూ పోతే 15 మిగిలాయి. కొట్టేసిన పదకొండింటిలో ఎనిమిది, ముందు లైనులో చెప్పిందే మళ్లీ చెప్పినవి. వాటిని పన్నెండేళ్లుగా లోతు అనుకున్నాను.

ఏప్రిల్ 9

నాన్న మీద రాస్తున్నాను. ఇన్నాళ్లూ రాయలేదు, రాస్తే ఏడుపు కవిత అవుతుందని భయం. ఆటవెలదిలో ఏడవడానికి అంత చోటు లేదు కాబట్టి ధైర్యం చేశాను.

గొంతు పోయెగాని గురుతున్నవన్నియు

గొం-గు, యతి కుదిరింది. ‘అన్నియు’ పాతబడ్డ మాట, తర్వాత చూద్దాం. రెండో పాదం:

తాళమేయు నాన్న పట్టె మీద

గణాలు అయిదూ సూర్యగణాలే. ఉన్నది ఉన్నట్టు రాశాను. యతి లేదు. తా-కి ప-తో కుదరదు, ప్రాసయతి కూడా కాదు. తకారమో దకారమో కావాలి. మూడు మాత్రల మాట. తట్ట, దండె, తడక, దుంగ (ఇది అచ్చు కుదరదు), తలుపు.

తాళమేయు నాన్న తలుపు మీద

రాసి పెట్టాక గానీ చూసుకోలేదు. తాళం, తలుపు! తలుపుకు వేసే తాళమూ అదే, నాటకంలో వేసే తాళమూ అదే. గొంతుకు తాళం పడ్డ మనిషి తలుపు మీద తాళం వేస్తున్నాడు. ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు. ఇది నా తెలివి కాదు. నేను పట్టె అనే రాశాను.

ఏప్రిల్ 11

మిగతా రెండు పాదాలు కొలనుకొండ దాటాక వచ్చాయి. మా వీధిలో సాయంత్రం పూట ఆటోలు, బళ్లు హారన్లు కొడుతూనే ఉంటాయి. నాన్న పద్యం వింటుండగా ఎవడో సరిగ్గా యతి దగ్గర హారన్ కొడతాడు. అప్పుడు నాన్న కళ్లు మూసుకునే నవ్వుతాడు.

గొంతు పోయెగాని గురుతున్నవన్నియు
తాళమేయు నాన్న తలుపు మీద
అడ్డమైన బండి హారను కొట్టగా
ఒన్సుమోరటంచు నొక్క నవ్వు

అ-కి హా- చెల్లుతుంది, హకారానికి అచ్చుతో మైత్రి ఉంది. ‘ఒన్స్ మోర్’ను ‘ఒన్సుమోరు’ చేశాను. మా ఊళ్లో నాటకానికి వచ్చినవాళ్లు అరిచేది కూడా అట్లాగే. ఇంగ్లీషు మాట ఆటవెలదిలో ఇంత సుఖంగా కూర్చుంటుందని అనుకోలేదు. ఒన్సు, మోర, టంచు, మూడూ గురువు-లఘువులే.

నాన్నకు ఇంకా చూపించలేదు.

ఏప్రిల్ 14

లెక్క తీశాను. ముప్పై అనుకున్నది, రాసింది 17. ఉంచుకోదగ్గవి నాలుగు. ఇంకో రెండింటికి ఒక్కో పాదం మారిస్తే బాగుపడతాయి. మిగతా పదకొండు మైకు పద్యాలే. ఎనిమిది కోట్ల దారుల్లో నాలుగు.

ప్రాజెక్టు గడువు ఎల్లుండి. కంద పద్యం మొదలుపెడదామా అని లక్షణం చూశాను. బేసి గణం జగణం కాకూడదు, ఆరో గణం నలమో జగణమో కావాలి, ప్రాస ఉండాలి, రెండో నాలుగో పాదాల చివర గురువు పడాలి. పుస్తకం మూసేశాను.

ఏప్రిల్ 15

రాత్రి భోజనాలయ్యాక నాన్నకు చదివాను. ఆయన మీద రాశానని చెప్పలేదు. మొదటి పాదానికే తెలిసిపోయింది, వేళ్లు పట్టె మీద పెట్టి ఉంచాడు కానీ తాళం వేయలేదు. మొత్తం విన్నాడు. మళ్లీ చదవమని చేత్తో సైగ చేశాడు. చదివాను. ఈసారి తాళం వేశాడు. గొం-గు. తా-త. అ-హా. ఒ-నొ. నాలుగు చోట్లా పడింది.

“‘అన్నియు’ ఏందిరా, పంతులు మాట. మార్చు.”

“ఇంకోటి దొరకలేదు నాన్నా. ‘అన్నీను’ పెట్టొచ్చు, గణం సరిపోతది.”

“అదే నయం.” కాసేపాగి, ఊపిరి తీసుకుని, “నేను తలుపు మీద ఎక్కడ కొడతన్నా? పట్టె కదా ఇది.”

“యతి కోసం నాన్నా. తా-కి ప కుదరదు.”

“అట్లాగని అబద్ధం రాస్తావా?”

ఏం చెప్పాలో తెలియలేదు. తాళం, తలుపు, రెండర్థాలు అని వివరించబోయాను. చెయ్యి ఊపి ఆపేశాడు, అది ఆయనకు ముందే తెలిసినట్టుంది. వంటింట్లోంచి అమ్మ, “ఆయన సంగతి వదిలెయ్ రా, నాటకంలో గాండీవం వెదురు బద్ద, అది నిజమా ఏంది” అంది. నాన్న అమ్మ వైపు చూశాడు కానీ జవాబు చెప్పలేదు.

పడుకునే ముందు పుస్తకం తెరిచి ‘పట్టె’కు ఏమైనా దారి ఉందా అని చూశాను. పాదం ప-తో మొదలు కావాలి. ‘పద్యమునకు నాన్న...’ నడిచేట్టే ఉంది, కానీ తాళం పోతుంది. అట్లాగే వదిలేశాను.

ఏప్రిల్ 16

ఆఖరి రోజు. బండి అరగంట లేటు. ఏమీ రాయలేదు, పక్కాయనకు మాత్రం దుగ్గిరాల పద్యం ఫోను లేకుండా చదివి వినిపించాను. “ఓహో, ఇదా బేరం!” అని, పేకాట వాళ్లను కూడా పిలిచి మళ్లీ చదివించాడు. వాళ్లలో ఒకాయన ‘టీసీలు చూడరు’ దగ్గర ముక్క వేయడం మర్చిపోయాడు.

ఇంటికొచ్చేసరికి చీకటి పడింది. లోపల నాటకం రికార్డింగు వినిపిస్తోంది. గేటు తీసి మెట్లెక్కుతుంటే చప్పుడు వేరుగా వినపడింది. పట్టె మీద కొడితే టక్ మంటుంది, ఇది కాస్త బోలుగా ఉంది. లోపలికి వెళ్లి చూస్తే నాన్న కుర్చీ మంచం పక్కన లేదు. గుమ్మం పక్కకు, తలుపు రెక్క చేతికి అందేట్టు జరిపి ఉంది.